ఎర్రదాని నెత్తురు

తుపాకి నుదుటికి ఆనించి మీట నొక్కాడు. ఇనుప మేకు పుర్రెలోకి దిగి వెనక్కి వచ్చింది. తెల్లావు ముందుకాళ్లు మడతపడి, గడ్డం సిమెంటు నేలకు కొట్టుకుంది. వెనక కాళ్లు మాత్రం ఇంకా ఎవరినో తన్నుతూనే ఉన్నాయి. మెడలో కత్తి దించి, నెత్తురు కాలువలోకి మళ్లేదాకా బూటుతో తల నొక్కిపట్టాడు.

పాలఫారంలో అందరికీ అతను సుత్తి మామ. తుపాకి రాకముందు ఈ పని సుత్తితో చేసేవాడు. పిల్లనిచ్చే ముందు మామగారు ఏం పనని అడిగితే, "పశువుల బాగోగులు చివరిదాకా చూస్తాను" అన్నాడు. పాపం, ఆయన మురిసిపోయి పిల్లనిచ్చాడు.

ఆ పిల్ల ఇదే ఫారంలో పాలు పితుకుతుంది. తల్లి చచ్చిన ఎర్ర దూడను సీసాపాలతో పెంచి ఆవును చేసింది. మొగుడికి జ్వరమొస్తే ఓ మాత్ర చేతిలో పెట్టి పనికి పోయే మనిషి, ఎర్రది దగ్గితే పాకలోనే పడుకునేది.

పశువులకు క్షయ ఉందేమోనని డాక్టరమ్మ అప్పుడప్పుడు నెత్తురు తీసేది. నెత్తురు గొట్టాల్ని ల్యాబుకు చేర్చే పని అతనిది. క్రిమి ప్రొటీన్లను పోలిన చిన్న ముక్కల్ని అక్కడ తయారుచేసి ఆ నెత్తురులో కలుపుతారు. ఆ క్రిమిని ఇదివరకే ఎదుర్కొన్న కణాలైతే ముక్కను చూసే రెచ్చిపోతాయి.

"దొంగ చెప్పు చూసి కుక్క మొరిగిందనుకో మామా, దొంగ ఆ ఇంటికి వచ్చినట్టేగా?" అంది డాక్టరమ్మ ఒకసారి. "గొట్టాల్ని ఐసులో మాత్రం పెట్టకు. చలికి కణాలు మొద్దుబారితే మొరగవు."

పోయినసారి నెత్తురు తీసేనాటికి ఎర్రది దగ్గుతోంది. దారిలో చేపల కొట్టు దగ్గర ఆగి, దాని గొట్టం ఒక్కటీ ఐసులో దోపి, బాగా చల్లబడ్డాక తుడిచి పెట్టెలో పెట్టేశాడు. ఎర్రదానికి ఏమీ లేదని తేలింది. పెళ్లాం నవ్వుతుంటే చూసి, మంచిపనే చేశాననుకున్నాడు.

ఈసారి ఎర్రదాని నెత్తురే కాదు, దాని వరసలో కట్టేసిన ఆవులన్నిటి నెత్తురూ మొరిగింది. దాని పాలు తాగిన దూడలదీ అంతే. పొద్దుటినుంచి వాటినే చంపుతున్నాడు. దూడలు తుపాకిని పొదుగనుకుని నోళ్లు చాపాయి. ఒకదాని నాలుక తుపాకి మూతికి చుట్టుకుని ఉండగానే తుపాకిని నుదుటికి ఎత్తి మీట నొక్కాడు.

చివరికి ఎర్రదాన్ని అతని పెళ్లామే తోలుకొచ్చింది.

"పోయినసారి బాగుందన్నారుగా. ఇంతలోనే ఇన్నిటికి ఎట్లా అంటుకుంది?"

తెలీదని అనేస్తే సరిపోయేది.

"దీని గొట్టాన్ని ఐసులో పెట్టాను."

ఆమె ఎర్రదాన్నీ అతన్నీ మార్చి మార్చి చూసింది. "నాకోసమా?"

"ఊఁ."

చేతిలో ఉన్న తాడు మడతతో మొహం మీద కొట్టింది. పెదవి చిట్లింది. మళ్లీ కొట్టింది. అతను చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

"దీని పాలు ఆ దూడలకు నేనే పట్టానయ్యా. నా చేత్తో."

తాడు కింద పడేసి, ఎర్రదాని కొమ్ములు పట్టుకుని చెవిలో ఏదో చెప్పింది. "కానివ్వు" అంది.

అతను ఆమె మొహం చూస్తూ మీట నొక్కాడు. మేకు పక్కకు పోయి కంట్లో దిగింది. ఎర్రది అరుస్తూ ఆమెను ఈడ్చుకెళ్లి ఇనుప కమ్మీలకేసి గుద్దింది. అయినా ఆమె కొమ్ములు వదల్లేదు. రెండోసారి గురి కుదిరింది. ఎర్రది ఆమె పాదాల మీదే ఒరిగిపోయింది.

ఆమె పాదాలు లాక్కుని, పైపు నీళ్లతో చేతులు కడుక్కుంది. డొక్క పట్టుకుని గేటు దాటాక, ఇంటి వైపు కాకుండా బస్సులు ఆగే రోడ్డు వైపు తిరిగింది. అతను గేటుదాకా వచ్చి, వెనక్కి తిరిగాడు.

పాకలు కడగాలి కాబట్టి కడిగాడు. ఎర్రది ఉన్న చోట గోడకు కట్టిన ఉప్పుగడ్డ మిగిలింది. ఒక పక్క నాకి నాకి నాలుకంత గుంట పడింది. ఇంకా తడి ఆరలేదు.