భూమయ్య మొలతాడు

ఒమన్ దేశంలో, సోహార్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్‌లో నేను హెల్పర్ని. పేషెంటుకు బట్టలు మార్చాలి, ఒంటి మీద లోహమన్నది లేకుండా చూడాలి, తొడకు ప్యాడ్ అంటించాలి, కాగితం మీద టిక్కు పెట్టాలి. తెలుగువాళ్లొస్తే డాక్టరు ఇంగ్లిషును వాళ్లకు చెప్పేదీ నేనే. దాంతో మన కూలీలుండే కంపెనీ రూముల్లో రామాంజనేయులంటే చిన్న డాక్టరనే పేరొచ్చింది. ఆ పేరు నాకు బాగానే తలకెక్కింది.

2008లో మా ఈజిప్టు డాక్టరు కొత్త యంత్రం తెప్పించాడు. కాలేయాన్ని కోస్తే రక్తం ఒక పట్టాన ఆగదు. ఇప్పుడు పొట్ట చీల్చే పని లేదు. నాలుగు చిల్లులు పెట్టి, కెమెరాలో చూస్తూ, సన్నటి కడ్డీ కొన ఆనిస్తే చాలు, రేడియో తరంగాల కరెంటు వేడికి రక్తనాళాలు అక్కడికక్కడే మూసుకుపోతాయి. ఆ కరెంటు తొడ మీది ప్యాడ్ గుండా బయటికి పోవాలి. ఒంటి మీది లోహం టేబుల్‌కు తగిలిందా, కరెంటు అటు మళ్లి చర్మాన్ని కాల్చేస్తుంది. ఇది నాకు మూడుసార్లు చెప్పారు. తెలియక చేశానని చెప్పుకునే వీల్లేదు.

భూమయ్యది జగిత్యాల వైపు. స్టీలు ప్లాంటు సైట్‌లో కూలి పని. కాలేయంలో గడ్డ. బట్టలు మారుస్తుంటే నడుముకు నల్ల మొలతాడు, దానికి రాగి తాయెత్తు కనిపించాయి. కత్తెర తీశాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"తమ్మీ, గిది తీసేది పీనుగుకే. మా అవ్వ కట్టింది. ఉండనియ్యి."

ఎందరి మొలతాళ్లో కత్తిరించిన చెయ్యి నాది. కానీ నా నడుముకూ ఒకటుంది. అంతకంటే నిజం చెప్పాలంటే, మనవాళ్లలో పెద్దమనిషి అనిపించుకోవాలన్న యావ. "ఏం గాదులే అన్నా, నేనుండా గదా" అన్నాను. తాయెత్తును పక్కకు జరిపి పైన ప్లాస్టరు వేశాను. లోహం లేదని టిక్కు పెట్టాను.

ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగింది. పోయిన రక్తం టీ గ్లాసుడు కూడా లేదని డాక్టరు మురిసిపోయాడు. తర్వాత భూమయ్య మీద కప్పిన గుడ్డలు తీశాం. మందునీళ్లకు తడిసి ప్లాస్టరు ఊడిపోయింది. తాయెత్తు టేబుల్ అంచుకు ఆనుకుని ఉంది. దాని కింద, తుంటి మీద, రూపాయి బిళ్లంత మేర చర్మం నల్లగా మాడిపోయింది.

డాక్టరు అరవలేదు. కాగితం చూసి, నా వంక చూశాడు. ఉద్యోగం పోతుందన్న భయంతో నోటికొచ్చింది అనేశాను. నేను చూసినప్పుడు లేదన్నాను, పేషెంటే దాచుకుని ఉంటాడన్నాను. సరే, రేపు అతన్నే అడుగుదాం, నువ్వే తెలుగులో చెప్పు అన్నాడు డాక్టరు.

ఆ మాటతో నాకు ఊపిరి తిరిగి వచ్చింది. భూమయ్య ఏం చెప్పినా ఇంగ్లిషులోకి మార్చేది నేనే కదా. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే రోత పుడుతుంది.

మర్నాడు మంచం దగ్గర నిలబడి డాక్టరు అడిగాడు. తాయెత్తు ఎందుకు దాచావంటున్నాడు అని నేను చెప్పాను. భూమయ్య కొంతసేపు నా మొహమే చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను.

"తప్పయింది సారూ అని చెప్పు. రామాంజనేయులు తీయమన్నడు, నేనే ఇనలే. ఆయన్నేమనొద్దని చెప్పు."

ఒక్క ముక్క మార్చాల్సిన అవసరం లేకపోయింది. అన్నది అన్నట్టే చెప్పాను. ఏ పేషెంటు మాటా నేనంత సరిగ్గా చెప్పి ఎరగను.

మీలాంటి మూఢులతో వైద్యం కష్టమని డాక్టరు ఆయన్ను కడిగేశాడు. నా భుజం తట్టి వెళ్లిపోయాడు. ఏమన్నాడని భూమయ్య అడిగితే, పుండు తొందరగా మానుతుందన్నాడని చెప్పాను.

"తిట్టిండని ఎర్కే తమ్మీ. తిట్టనియ్యి. ఉండనియ్యమన్నది నేనే గదా."

తలగడ కింద నుంచి ప్లాస్టిక్ కవరు తీసి ఇచ్చాడు. ఆపరేషన్ అయ్యాక నర్సు కత్తిరించి దాచిన మొలతాడు అందులో ఉంది. తాను వంగలేకపోతున్నానని, నన్ను కట్టమన్నాడు. పుండుకు తగలకుండా నడుము చుట్టూ తిప్పి రెండు కొసలూ పట్టుకున్నాను. ముడి వేస్తే జారిపోయింది. మళ్లీ ప్రయత్నించాను. పడలేదు.

భూమయ్య నా వేళ్ల మధ్య నుంచి కొసలు తీసుకున్నాడు. నొప్పికి పళ్లు బిగబట్టి, తనే ముడి వేసుకున్నాడు.