మూడుంబావు ఎండ

ఆ వీధిలో అందరూ ఆమెను కదలకమ్మ అనేవారు. అసలు పేరు మెట్ల పక్కన రేకు మీద రాసే ఉంది కానీ, దాన్ని చదివిన పాపాన పోయినవాళ్ళు లేరు. రెండో అంతస్తులో ముప్పై ఏళ్ళుగా పాస్‌పోర్టు ఫోటోల స్టూడియో నడుపుతోంది. స్టూలు మీద మనిషి కూర్చోగానే ఆమె నోట వచ్చే మొదటి మాట "కదలకండి". రెండో మాట "నవ్వకండి". మూడో మాట అవసరం పడేది కాదు.

ఆమె తీసిన ఫోటోలో తనని తాను చూసుకుని సంతోషపడ్డ మనిషి ఇంతవరకూ లేడు. "ఇది నేనేనా?" అని కొందరు, "అచ్చం మా మేనమామలా వచ్చానేంటండీ!" అని కొందరు వాపోయేవాళ్ళు. "ఆఫీసువాళ్ళు అడిగిన కొలతలో ఉన్నారా లేదా, అది చూసుకోండి," అని కవర్లో పెట్టి ఇచ్చేసేది. తప్పు ఆమెది కాదు. గదిలో ఉన్నదంతా ట్యూబులైట్ల వెలుగే. కిటికీ ఒకటుంది, పెద్దదే. కానీ స్టూడియో తెరిచిన నెలలోనే బయట గోడకి ఎవరో ప్రకటన బోర్డు బిగించారు. అప్పట్నించీ ఆ కిటికీ తలుపు తీస్తే కనిపించేది తుప్పు పట్టిన రేకు వీపు, దాని సందులో కాపురం పెట్టిన పావురాలు.

ఇంట్లో ఉండేది ఆమె, ఆమె అక్క. అక్క కంటి ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. గోడలతో పోట్లాడలేక మధ్యాహ్నం అయ్యేసరికి క్యారియరు పట్టుకుని స్టూడియోకి వచ్చేసేది. చెల్లెలికి అన్నం పెట్టి, తను తిని, ఆ తర్వాత సాయంత్రం దాకా ఏదో ఒకటి నమలుతూ కూర్చునేది. తిండి దగ్గర మొహమాటం అంటే ఏమిటో తెలియని మనిషి.

ఒక ఆదివారం పెద్ద గాలి వీచి బోర్డు చట్రం వంగిపోయింది. మర్నాడు పొద్దున్నే బోర్డుల మేస్త్రి ఇద్దరు మనుషులతో వచ్చి రేకులు దింపేశాడు.

"కొత్త చట్రం వెల్డింగు చేయించి తేవాలమ్మా. ఎంత లేదన్నా పది రోజులు," అన్నాడు.

"ఎన్నాళ్ళయితే నాకేం నాయనా," అంది కదలకమ్మ, ఎవరివో ఫోటోలు కత్తిరిస్తూ.

మూడుంబావుకి ఎండ లోపలికి వచ్చింది. తలుపు కొట్టలేదు, అడగలేదు. సొంతిల్లులా కిటికీలోంచి దిగి, నేల మీదుగా నడిచి, స్టూలెక్కి కూర్చుంది. ఆ స్టూలు మీద అక్క అప్పుడే బొప్పాయి పండు కోసి స్టీలు పళ్ళెంలో పెట్టుకుంది.

కదలకమ్మ తలెత్తి చూసింది. పండులో నల్లగింజలు ఒక్కొక్కటీ విడివిడిగా మెరుస్తున్నాయి. పండు రంగు పళ్ళెంలోకి ఒలికిపోయినట్టుంది. కత్తి అంచున సన్నటి వెలుగు గీత.

"కదలకు!" అని కేకేసింది.

అక్క చెంచా నోటి దాకా తెచ్చుకుని, నోరు తెరిచి, అలాగే ఉండిపోయింది.

"ఎవరు, నేనా, బొప్పాయా?" అంది పెదవులు కదపకుండా.

"బొప్పాయి!"

"అది కదలదే, పిచ్చిమొహమా!"

అప్పటికే కెమెరా చేతిలోకి వచ్చేసింది. ఒకటి, రెండు, పన్నెండు ఫోటోలు తీసింది. కెమెరా వెనకున్న చిన్న తెర మీద మళ్ళీ మళ్ళీ చూసుకుంది. ఫోటోగ్రఫీ నేర్చుకునే రోజుల్లో మాస్టారు బల్ల మీద ఒక ఉల్లిపాయ పెట్టి, "కదలని వస్తువుల బొమ్మ, దీన్ని స్టిల్ లైఫ్ అంటారు, సాయంత్రం దాకా తీయండి," అన్నారు. ఉల్లిపాయ ఫోటోకి ఎవరొస్తారులే అని అప్పుడు లోలోపల నవ్వుకుంది. ఇన్నేళ్ళకి, యాభై రెండేళ్ళ వయసులో, బొప్పాయి ముందు మోకాళ్ళ మీద కూర్చుని కిచకిచ నవ్వుతోంది.

"ఏదీ, చూడనీ," అని అక్క వంగింది. "బాగుందే! చూస్తుంటే నోరూరుతోంది," అని, ఫోటోలోది తినడం కుదరదు కాబట్టి పళ్ళెంలోది నాలుగు చెంచాల్లో పూర్తి చేసింది.

నాలుగు కావస్తుండగా సూర్యుడు ఎదురు భవనం మీది నీళ్ళ ట్యాంకు వెనక్కి తప్పుకున్నాడు. అంటే రోజుకి నలభై నిమిషాలు. అలాంటివి తొమ్మిదో పదో రోజులు. కదలకమ్మకి ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు.

మర్నాటి నుంచి ఇంట్లో ఏ వస్తువూ ఉన్నచోట ఉండలేదు. సొట్ట కెటిల్, దారపు ఉండలు, వంకాయలు, తాళం చెవుల గుత్తి, సగం తిన్న రొట్టె, అక్క కళ్ళజోడు, అన్నీ స్టూడియోకి నడిచాయి. మూడయ్యేసరికి ట్యూబులైట్లు ఆర్పేసి, ఫోటోలకి వెనకుండే నీలం తెర పక్కకి లాగేసి, కిటికీ దగ్గర కాచుకుని కూర్చునేది.

మూడో రోజు బస్సు డిపో మేనేజరు వచ్చాడు. గుర్తింపు కార్డుకి ఫోటో కావాలి. నిలువెత్తు మనిషి, బారెడు మీసం. ఆయన దగ్గితే వంద మంది డ్రైవర్లు చొక్కా గుండీలు సరిచూసుకుంటారని చెప్పుకునేవారు.

"కూర్చోనా?" అన్నాడు.

"స్టూలు మీద గుడ్లున్నాయండీ."

"మరి నేను?"

"మీరీ అట్ట పట్టుకోండి."

తెల్ల అట్ట చేతికిచ్చి కిటికీకి ఎదురుగా నిలబెట్టింది. "ఎండ దాని మీద పడి గుడ్ల మీదికి తిరిగి రావాలి. కొంచెం పైకి. ఇంకొంచెం. అదీ! ఊపిరి కూడా కాస్త మెల్లగా తీసుకోండి."

ఆయన జన్మలో ఎవరి మాటా అంత బుద్ధిగా విని ఉండడు. పది నిమిషాలు గడిచాక మెల్లగా గొంతు సవరించుకున్నాడు. "మేడం, ఏమీ అనుకోకపోతే... ఆ ఎడంపక్క గుడ్డు కాస్త ముందుకి జరిపితే?"

జరిపింది. పక్కనున్న గిన్నె అంచు నీడ గుడ్డు నడుముకి చుట్టుకుంది. ఇద్దరూ ఒకేసారి "అబ్బ!" అన్నారు.

"మీరు రేపు కూడా రండి," అంది కదలకమ్మ.

"నా ఫోటో?"

"అదీ రేపే."

ఆ రేపు రోజూ వాయిదా పడుతూనే ఉంది. ఆయన రోజూ మూడింటికి ఠంచనుగా వచ్చి అట్ట పట్టుకుంటూనే ఉన్నాడు.

ఆరో రోజు ఆమె కింద పూలకొట్టుకి వెళ్ళి, "వాడిన పూలుంటే ఇవ్వండి," అంది.

పూలకొట్టాయనకి రోషం పొడుచుకొచ్చింది. "నా కొట్లో వాడిన పూలా? ఎవరమ్మా మీకు చెప్పింది?"

"ఎవరూ చెప్పలేదు. కావాలి. తాజావి అందరూ తీస్తారు. రేకులు అంచుల్లో ముడుచుకుని, రంగు కాస్త దిగిపోయినవి ఎంత బాగుంటాయో తెలుసా?"

ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, బల్ల కింద నుంచి బకెట్టు బయటికి లాగాడు. "ఎవరికీ చెప్పకండి," అని గులాబీలూ చామంతులూ రెండు చేతుల నిండా ఇచ్చాడు. ఇచ్చి ఊరుకోలేదు. వాటినేం చేస్తారో చూద్దామని వెనకాలే మెట్లెక్కాడు. ఆ తర్వాత మూడింటికి పూలకొట్టు కూడా మూతపడసాగింది.

అక్క మాత్రం లబోదిబోమంటోంది. "తినేది ఏది తెచ్చినా ఫోటోకి కూర్చోబెడతావు. అది లేచేసరికి ఎండి వరుగవుతుంది. నేను చిక్కి సగమైపోయాను!" అనేది. ఆ సగమే స్టూడియో సోఫా నిండా ఉండేది.

తొమ్మిదో రోజు కదలకమ్మ పెద్ద ఎత్తే వేసింది. ముప్పై నిమ్మకాయలు గోపురంలా పేర్చింది. పక్కన సొట్ట కెటిల్, వెనక వాడిన చామంతులు. ఒక్కో కాయా పెట్టేటప్పుడు గదిలో నలుగురూ ఊపిరి బిగబట్టారు. ముప్పయ్యోది పైన కూర్చోగానే తలుపు దగ్గర మేస్త్రి గొంతు వినిపించింది.

"అమ్మా, పని ఒకరోజు ముందే అయిపోయింది. బోర్డు తెచ్చేశాం. లారీ కిందే ఉంది."

కదలకమ్మ గుమ్మానికి అడ్డం వెళ్ళింది. "అన్నా, నలభై నిమిషాలు! ఒక్క నలభై నిమిషాలు ఆగు!"

మేస్త్రి నిమ్మకాయల వంకా, అట్ట పట్టుకున్న మేనేజరు వంకా, పూలు సర్దుతున్న పూలకొట్టాయన వంకా చూశాడు. "ఇవాళ ఎవరిదమ్మా పుట్టినరోజు?"

"నిమ్మకాయలది," అంది అక్క.

మేస్త్రి తల గోక్కుని సరేనన్నాడు. మనుషుల్ని ఆగమని కేకేసి, తనూ సోఫా చివర ఒదిగి కూర్చున్నాడు. ఎండ వచ్చింది. నిమ్మకాయలు లోపల దీపం పెట్టినట్టు వెలిగాయి. కదలకమ్మ కెమెరా సరిచూసుకుంటూ, "అక్కా, ఆ చామంతి ఒక్కటి కొంచెం వంచు," అంది.

అక్క వంగింది. చామంతి పుప్పొడి ముక్కులోకి పోయింది. కళ్ళు మూసింది, నోరు తెరిచింది, ముక్కు పట్టుకుంది, ఆపుకుంది, ఆపుకుంది, చివరికి ఇల్లెగిరిపోయేలా తుమ్మింది.

గోపురం కూలింది. ముప్పై నిమ్మకాయలు ముప్పై దారులు పట్టాయి. కొన్ని సోఫా కిందికి, కొన్ని మేస్త్రి కాళ్ళ మధ్య నుంచి గుమ్మం దాటి మెట్ల మీదికి. టకటక, టకటక మంటూ రెండంతస్తులూ దిగి వీధిలో పడ్డాయి.

"పట్టుకోండి!" అంది కదలకమ్మ.

మేనేజరు అట్ట వదిలి పరుగెత్తాడు. వెనక పూలకొట్టాయన, ఆయన వెనక మేస్త్రి. లారీ మీద కునుకు తీస్తున్న ఇద్దరూ దొంగ పడ్డాడనుకుని దూకారు. తాళాలు బాగుచేసేవాడు ఒకటి పట్టాడు. సైకిలు మీద వెళ్తున్నావిడ ఒకటి కాలితో ఆపింది. మేనేజరు ఒక కాయ కోసం ఆగి ఉన్న కారు కిందికి సగం దూరాడు. బయట కనిపిస్తున్న ఆ బూట్లని చూసి, దారిన పోతున్న డ్రైవరొకడు గుర్తుపట్టి, నమ్మలేక తల విదిలించుకుని వెళ్ళిపోయాడు.

అందరూ రొప్పుతూ పైకొచ్చి లెక్క పెట్టారు. ముప్పైకి ముప్పై. మళ్ళీ పేరుద్దామని చూసేసరికి కిటికీలో ఎండ లేదు. ట్యాంకు వెనక్కి వెళ్ళిపోయింది.

అందరూ నిమ్మకాయలు చేతుల్లో పట్టుకుని కిటికీ వంక చూస్తూ నిలబడ్డారు. అంతలో అక్క, "నా ముక్కు తగలెయ్య!" అంది.

ముందు మేస్త్రి ఫక్కుమన్నాడు. తర్వాత ఇక ఎవర్ని ఎవరాపుతారు? పూలకొట్టాయన గోడకి జారబడ్డాడు. మేనేజరు మీసం తడిసిపోయింది. కదలకమ్మ ఒళ్ళో నిమ్మకాయలతో నేల మీద కూలబడి, డొక్కలు పట్టుకుని, కన్నీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది.

మేనేజరు ముందుగా తేరుకున్నాడు. "మా ఇంటి వంటగది కిటికీ పడమర వైపు. నాలుగూ నలభై దాకా ఎండ ఉంటుంది," అన్నాడు.

అందరూ ఆయన వంక చూశారు.

"అయితే కూర్చున్నారేం, లేవండి!" అంది అక్క.

నిమ్మకాయలు సంచిలోకి, కెటిల్ అక్క చేతికి, చామంతులు పూలకొట్టాయన చంకలోకి చేరాయి. కెమెరా స్టాండు మేస్త్రి భుజాన వేసుకున్నాడు. వీధి మలుపులో బస్సు కనిపించింది. స్టాపు వంద గజాల అవతల ఉంది. స్టాపు కానిచోట బస్సాపిన డ్రైవర్లకి ఇరవై ఏళ్ళుగా మెమోలిచ్చిన మనిషి, నడిరోడ్డు మీదికి వెళ్ళి చెయ్యి అడ్డం పెట్టాడు.

బస్సు కీచుమంటూ ఆగింది. డ్రైవరు గబగబా గుండీలు పెట్టుకున్నాడు.

"అందరికీ టికెట్లు కొట్టు," అన్నాడు మేనేజరు కండక్టరుతో.

కండక్టరు ఒక్కొక్కళ్ళనీ చూసి, "సార్, ఆ కెటిల్‌కి కూడానా?" అని వినయంగా అడిగాడు.

తలుపు తీసింది మేనేజరు వాళ్ళమ్మగారు. గుమ్మంలో గుంపుని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఒరేయ్, బస్సేమైనా బోల్తా పడిందేంట్రా? ఇంతమందిని తీసుకొచ్చావు!"

"కాదమ్మా. వంటింట్లో ఎండ ఉందా?"

"ఎండ ఎక్కడికి పోతుందిరా?"

ఉంది. కిటికీ గట్టు పొడవునా పరుచుకుని ఉంది. ఆ గట్టు మీద ఒక గాజు గ్లాసు, అందులో నీళ్ళు, నీళ్ళలో పెద్దావిడ పళ్ళ సెట్టు. ఎండ గ్లాసులోంచి దూరి గోడ మీద వణుకుతున్న వెలుగు ముక్కలు చల్లుతోంది. గులాబిరంగు చిగుళ్ళూ తెల్లటి పళ్ళూ ఆ నీళ్ళలో ఎవరితోనో హాయిగా నవ్వుతున్నట్టున్నాయి.

కదలకమ్మ గడప దగ్గరే ఆగిపోయింది.

"అయ్యో, అవి తీసెయ్యరా, సిగ్గుచేటు!" అంది పెద్దావిడ.

"వద్దండీ! మీకు పుణ్యముంటుంది, వాటినలా ఉండనివ్వండి," అంది కదలకమ్మ. ముప్పై నిమ్మకాయల్లోంచి ఒక్కటంటే ఒక్కటి తీసి గ్లాసు పక్కన పెట్టింది. మేనేజరు అట్ట తేవడం మర్చిపోయాడు. అన్నం పళ్ళెం బోర్లించి పట్టుకున్నాడు. అక్క ముందుజాగ్రత్తగా ముక్కు మూసుకుంది.

ఫోటో అయ్యాక పెద్దావిడ కళ్ళజోడు పెట్టుకుని తెర మీద చూసింది. చాలాసేపు చూసింది.

"ఇవి నా పళ్ళేనా?" అంది. "నా నోట్లో ఉన్నప్పుడు ఇంత అందంగా లేవే!"

చెయ్యి అడ్డం పెట్టుకోవడం మర్చిపోయి, బోసినోటితో వంటిల్లంతా దద్దరిల్లేలా నవ్వింది. ఆ తర్వాత నిమ్మకాయలన్నీ పిండి బిందెడు షర్బత్ చేసింది. అక్క మూడు గ్లాసులు తాగింది.

మర్నాడు బోర్డు ఎక్కింది. గది మళ్ళీ చీకటైంది. కదలకమ్మ అనుకున్నంత దిగులేం పడలేదు. మేస్త్రి దిగిపోతూ, "మా చెల్లెలింట్లో వరండాకి పొద్దున్నే ఎండొస్తుందమ్మా, నీలం గాజు సీసాలున్నాయి," అని చెప్పి వెళ్ళాడు. సైకిలావిడ వచ్చి తమ మేడ మెట్ల గురించి చెప్పింది. పళ్ళ సెట్టు ఫోటో స్టూడియో గోడకెక్కాక, ఫోటో దిగడానికి వచ్చినవాళ్ళు దాని ముందు నిలబడి, వెళ్ళేటప్పుడు తమ ఇంట్లో ఏ కిటికీకి ఎన్నింటికి ఎండొస్తుందో చెప్పి పోసాగారు. మేనేజరు గుర్తింపు కార్డు ఫోటో ఎట్టకేలకు తీసింది. మరీ నవ్వుతున్నాడని ఆఫీసువాళ్ళు తిప్పి పంపారు.

ఇప్పుడు స్టూడియో తలుపుకి మూడు నుంచి అయిదు దాకా తాళం.

"ఇవాళ ఎవరింటికే?" అంది అక్క ఒక గురువారం, క్యారియరు మూత పెడుతూ.

"కుట్టుమిషనావిడ ఇంటికి. జామకాయలు కోసి పెడతానంది."

"తినడానికా, తియ్యడానికా?"

"ముందు తియ్యడానికి."

జవాబు పూర్తయ్యేసరికే అక్క సగం మెట్లు దిగేసింది.