చింపని టికెట్టు

సినిమా హాల్లో ఆపరేటరు ఆటకి ముందు మొదటి రీలు మిషన్‌కి ఎక్కిస్తుండగా కింద గేటు దగ్గర ఎవరిదో పన్ను రాలింది. టికెట్టు లేకుండా దూరబోయిన మనిషిని గేటు కాసే బావమరిది తలుపుకేసి కొట్టాడు. ఆ చప్పుడు పైన క్యాబిన్ దాకా వినిపించినా ఆపరేటరు తలెత్తలేదు. బావమరిదికి కోపం ముక్కు మీదే ఉంటుంది. టికెట్లు చింపే చేత్తోనే చొక్కాలూ చింపుతాడు. భార్య పోరు పడలేక ఆ ఉద్యోగం ఇప్పించింది తనే మరి.

ఆపరేటరుకి యాభై రెండేళ్ళు. ఎడమ బొటనవేలి గోరు ఎప్పుడో మిషన్‌లో నలిగి నల్లబడిపోయింది. ముప్పయ్యేళ్ళలో ఆయన చేతి కింద రీలు మారేటప్పుడు తెర ఒక్కసారీ బొమ్మ లేక తెల్లబడలేదు. ఈ వారం ఆడుతున్నది పాత నవ్వుల సినిమా. భార్య ఊరెళ్తే ఎదురింటి అమ్మాయి మీద మనసుపడి, ఆఖరి రీల్లో బుద్ధొచ్చి, చొక్కా తిరగేసి తొడుక్కుని భార్య కోసం రైలు వెంట పరిగెత్తే మొగుడి కథ.

ఆపరేటరు భార్య కూడా పుట్టింటికెళ్ళి ఇరవై రోజులైంది. బుకింగులో కూర్చునే ఆవిడ రోజూ టీ పట్టుకొచ్చేది. నిప్పు లేనిదే పొగ రాదంటారు. నిప్పు ఉంది, కాదనడం ఎందుకు? మెట్ల మీద ఆవిడ చెప్పుల చప్పుడు వింటే ఆయన తల దువ్వుకునేవాడు. నిన్న గ్లాసు అందిస్తూ ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆయనే తీసుకున్నాడు.

ఇవాళ ఆట చివరికొస్తుండగా ఆవిడ టీ బదులు టికెట్టు తెచ్చింది. "మీరడిగిన సీటే. రాత్రి ఆటకి, మధ్య వరసలో."

"మా ఆవిడ సాయంత్రం దిగుతోంది. పాపం, సినిమా ఎప్పుడూ ఈ క్యాబిన్ కన్నంలోంచే చూసింది. ఒక్కసారి కుర్చీలో కూర్చోబెడదామని."

"అదృష్టవంతురాలు. రేపట్నుంచి టీ మీరే తెప్పించుకోండి," అని ఆవిడ నవ్వబోయి కళ్ళు తుడుచుకుంది. ఇన్నాళ్ళూ టికెట్లమ్మిన సినిమా ఒక్క ముక్కైనా చూద్దామని మిషన్ ముందున్న కన్నం వైపు వంగింది. అది చూసే కన్నం కాదు, వెలుగు వెళ్ళే కన్నం.

"అటు కాదు!" అంటూ ఆయన రెక్క పట్టుకుని లాగాడు. తెర మీద మొగుడు ఎదురింటి అమ్మాయి చెయ్యి పట్టుకున్నప్పుడే, వాళ్ళ మీదుగా రెండు మసక తలలు దగ్గరగా పడ్డాయి. ఒకదానికి జడముడి ఉంది. హాలంతా ఈలలు వేసింది. తలుపు దగ్గర నిలబడి తెర చూస్తున్న బావమరిది ఈల వెయ్యలేదు.

గేటుకి అడ్డం పెట్టే ఇనప కడ్డీతో మెట్లెక్కాడు. దిగుతున్న ఆవిడని గోడకేసి నెట్టి క్యాబిన్‌లోకి దూసుకొచ్చాడు.

"మా అక్కని ఊరికి పంపి నువ్వు వెలగబెడుతున్నది ఇదా బావా?"

"ఒరేయ్, బల్ల మీద టికెట్టు చూడరా. మీ అక్కకే..."

మొదటి దెబ్బకి భుజం ఎముక విరిగింది. రెండోది చెవి పైన దిగింది. పడ్డాక కూడా వాడు పొట్టలో తన్నాడు, పక్కటెముకల మీద తన్నాడు. అప్పుడే తెర మూల చుక్క మెరిసింది, రీలు అయిపోతోందన్న గుర్తు. ఆపరేటరు మోకాళ్ళ మీద పాకి, మంచి చేత్తో, ముందే రీలెక్కించి ఉంచిన రెండో మిషన్ మీట లాగాడు. ఆఖరి రీలు అందుకుంది. తెర తెల్లబడలేదు.

మొగుడు తిరగేసిన చొక్కాతో పరిగెత్తాడు. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. మూడో దెబ్బ ఆ నవ్వుల్లో కలిసిపోయింది.

"బావా, లే," అన్నాడు బావమరిది కాసేపటికి. "లే బావా, నాటకాలాడకు." ఆయన లేవలేదు.

సాయంత్రం భార్య బస్సు దిగేసరికి పోలీసులు తమ్ముణ్ణి తీసుకెళ్ళిపోయారు. గేటు దగ్గర ఎవరూ లేరు. పైన రీళ్ళు చుట్టే బల్ల మీద, తమ్ముడు చింపాల్సిన గులాబీరంగు టికెట్టు చింపకుండా అలాగే ఉంది.