ఎడమచేతి పాఠం

మా అక్క చెయ్యి విరగడానికి కారణం నేనే. నాది వైరింగ్ పని. ఊళ్ళోవాళ్ళ ఇళ్ళల్లో దీపాలు వెలిగించే నేను, మా వంటింట్లో మాడిపోయిన బల్బును మాత్రం రేపు మాపు అంటూ వారం నెట్టుకొచ్చాను. గురువారం సాయంత్రం అక్క విసిగిపోయి తనే స్టూలెక్కింది. ఆ స్టూలుకు ఒక కాలు పొట్టి. పడుతూ పడుతూ కుడిచెయ్యి నేలకు ఆనించింది. నేను పరుగెత్తుకొచ్చేసరికి మణికట్టు వంకర తిరిగి ఉంది.

సోమవారం నుంచే అక్కకు కొత్త ఉద్యోగం. వినపడని పిల్లల బడిలో టీచరు. రెండుసార్లు ఇంటర్వ్యూలో తప్పి, మూడోసారి తెచ్చుకున్న ఉద్యోగం. అక్కడ పాఠం నోటితో కాదు, చేతులతో చెప్పాలి.

ఎముకల డాక్టరు వేళ్ళ మొదళ్ళనుంచి మోచేతి దాకా పిండికట్టు వేశాడు.

"ఆరు వారాలు కదపకూడదు. ఏం పని చేస్తావమ్మా?"

"మాట్లాడే పనండీ."

"అయితే ఇబ్బందేముంది? నోటికి దెబ్బ తగల్లేదుగా!" అని నవ్వాడాయన. అక్క నవ్వలేదు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

మా అమ్మకు పుట్టుకతోనే వినపడదు. పుస్తకాలు బైండింగ్ చేసే షాపులో ఇరవై ఆరేళ్ళుగా కుట్టుపని చేస్తోంది. మా ఇద్దరికీ మొదట వచ్చిన భాష ఆమె చేతుల భాషే. నోటిమాటలు తర్వాత నాన్న దగ్గరా, పక్కింటివాళ్ళ దగ్గరా నేర్చుకున్నాం. అమ్మ భాషలో అక్క పేరు చుబుకం మీద వేలితో రెండు తట్లు. అక్కడ పుట్టుమచ్చ ఉంది. నా పేరు, చెప్పుకోవడానికి సిగ్గే గానీ, ముక్కు తుడుచుకోవడం.

ఆ రోజు అమ్మ షాపునుంచి వచ్చి కట్టు చూసింది, స్టూలు చూసింది, బల్బు చూసింది. తర్వాత నావైపు తిరిగి ఒక సైగ చేసింది. దాన్ని ఇక్కడ రాయలేను.

అక్క ఎడమచేత్తో తడబడుతూ చెప్పింది. "ఉద్యోగానికి రాలేనని చెప్పేస్తాను. గొంతు పోయినవాళ్ళకి సంగీతం మేష్టారు పనెవరిస్తారు?"

అమ్మ లోపలికెళ్ళి తలగడ తెచ్చింది. పసిపిల్లను ఎత్తుకున్నట్టు దాన్ని కుడిచేతిలో పొదువుకుని, ఎడమచేత్తో మొదలుపెట్టింది.

"నువ్వు పుట్టాక రెండేళ్ళు నా కుడిచెయ్యి నీ కిందే ఉంది. దించితే ఏడ్చేదానివట, మీ నాన్న చెప్పేవాడు. ఆ రెండేళ్ళూ నేను మాట్లాడలేదా? బజారులో బేరమాడాను. మీ నాన్నతో పోట్లాడాను. ఒక్కదాంట్లోనూ ఓడలేదు."

అంత వేగంగా, అంత స్పష్టంగా ఒంటిచేత్తో మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. రెండో చెయ్యి కావలసిన చోట బల్లను వాడుకుంది, గోడను వాడుకుంది, తలగడను కూడా. మిగిలింది కనుబొమలూ బుగ్గలూ భుజాలూ చూసుకున్నాయి. చివరికి అక్క కట్టు మీద టకటకా తట్టింది.

"ఇది చెయ్యి కాదనుకో. పలక అనుకో. దీని మీద మాట్లాడు."

మర్నాడు పొద్దున్నే అక్క హెడ్మిస్ట్రెస్‌కు ఫోన్ చేసింది. దాచి వెళ్ళడం తనకు చేతకాదు.

"మేడమ్, కుడిచెయ్యి విరిగింది. అయినా సోమవారం వస్తాను. ఒక్క గంట నా క్లాసు చూడండి. పిల్లలకి అర్థం కాకపోతే మీరు చెప్పక్కర్లేదు, నేనే వెళ్ళిపోతాను."

"ఒక్క గంటే," అందావిడ.

ఆ మూడు రోజులూ ఇంట్లో ఎవరూ కుడిచెయ్యి వాడకూడదని అమ్మ శాసనం. నా చేతిని తువ్వాలుతో నడుముకు కట్టేసింది. టీ సగం కప్పులోకీ సగం చొక్కా మీదికీ పోయింది. అక్క తప్పు సైగ చేసినప్పుడల్లా అమ్మ కావాలనే తప్పుగా అర్థం చేసుకునేది. "పుస్తకం తెరవండి" అని చెప్పబోయి ఇంకేదో చెబితే, లేచి వెళ్ళి కిటికీ తెరిచింది. అక్క ఏడ్చింది, కోప్పడింది, మళ్ళీ మొదలుపెట్టింది. ఆదివారం మధ్యాహ్నానికి అమ్మ కిటికీ జోలికి పోవడం మానేసింది.

సోమవారం సంచి మోసే వంకతో నేనూ వెళ్ళాను. పదకొండుమంది పిల్లలు, ఏడెనిమిదేళ్ళవాళ్ళు. హెడ్మిస్ట్రెస్ వెనక కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చుంది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

అక్క పలకరించి పాఠం మొదలుపెట్టగానే ముందువరసలో రెండు జడల పిల్ల పక్కపిల్లకు సైగ చేసింది. "టీచరుకి నత్తి!"

క్లాసంతా విరగబడి నవ్వారు. అక్క కూడా నవ్వేసి, కట్టు పైకెత్తి చూపించింది.

"నిజమే. ఆరు వారాలు నత్తే. మీలో నాకు కుడిచెయ్యి అయ్యేదెవరు?"

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అక్క ఆ రెండు జడల పిల్లనే పిలిచి తన కుడివైపు నిలబెట్టుకుంది. "ఇల్లు" అని చెప్పడానికి తన ఎడమ అరచేతిని వాలుగా పెట్టి ఆగింది. పిల్ల ఓ క్షణం చూసి, తన చిన్న అరచెయ్యి తెచ్చి దానికి ఆనించింది. ఇద్దరి చేతులతో పైకప్పు నిలబడింది.

అంతే, మిగతా పదిమందీ బెంచీలు దిగి లైను కట్టేశారు. ఒకణ్ణొకడు తోసుకుంటున్నారు. ఇల్లు, చెట్టు, పడవ, వంతెన. ప్రతి మాటా సగం టీచరు, సగం పిల్లలు. ఏ మాట వస్తుందో ముందే కనిపెట్టాలి కాబట్టి ఎవరూ అక్క మొహం మీదనుంచి కన్ను తిప్పలేదు. పాఠం ఎప్పుడో గంట దాటింది.

హెడ్మిస్ట్రెస్ లేచి వచ్చింది. "ఈ పద్ధతి ఏ కాలేజీలో నేర్పారమ్మాయ్?"

"పిల్లల్ని పిలవడం ఇప్పుడే తట్టింది మేడమ్. ఒంటిచేతి మాట మాత్రం మా అమ్మ నేర్పింది."

ఆవిడ హాజరు పుస్తకం తెచ్చి అక్క ముందు పెట్టింది. ఎడమచేతి సంతకం కోడి గెలికినట్టు వచ్చింది. "చాలు, చాలు. రేపు తొమ్మిదింటికల్లా వచ్చెయ్," అందావిడ.

సాయంత్రం మేము వచ్చేసరికి అమ్మ వీధిగుమ్మంలో నిలబడి ఉంది. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి షాపులో అడిగి ముందే వచ్చేసిందట. అక్క జరిగిందంతా చెప్పింది. అమ్మ ఆపి ఆపి రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత నా మోచెయ్యి పట్టుకుని వీధిలోకి లాక్కుపోయింది. వినపడేవాళ్ళతో అవసరానికి మించి మాట్లాడని మనిషి, ఇస్త్రీ ఆవిడ దగ్గరా, మేడ మీది మాష్టారి దగ్గరా, మందుల షాపు దగ్గరా ఆగింది.

"చెప్పు వీళ్ళకి. నా కూతురు టీచరు. నేర్పింది నేను."

నేను చెప్పాను. అమ్మ వాళ్ళ మొహాలు పరీక్షగా చూసి, తృప్తి కలగక నన్ను పొడిచింది.

"నీ మెడనరాలు ఉబ్బలేదు. గట్టిగా చెప్పు."

అక్క చెయ్యి విరిగింది నావల్లే కదా, ఈ మాత్రం బాకీ తీర్చడానికి నాకు సిగ్గెందుకు? వీధి మొత్తం తిరిగి చూసేలా అరిచి చెప్పాను.