మూత లోపలి చెమట

దిగువ వంతెనను పట్టుకుపోయిన వరదకు అది మూడో ఏడు. ఏటి గట్టు తెగిపోయి ఉండటంతో వరద తర్వాత మా ఊళ్ళో ఆగస్టు బాణసంచా పండుగ జరగలేదు. ఆ ఏడు గట్టు పూర్తయింది. ఈసారి పండుగ చేస్తున్నామని మా వీధి పెద్ద నెజు ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు.

వరదలో మా ఊరివాళ్ళు ఏడుగురు కొట్టుకుపోయారు. ఆరుగురి శవాలు దొరికాయి. దొరకనివాడు మా అబ్బాయి రికియా. వాడు ఊరి అగ్నిమాపక దళంలో ఉండేవాడు. ఇసుక బస్తాలు వేయడానికి గట్టెక్కి, గట్టుతో పాటే జారిపోయాడు. దళం కోటు మాత్రం ఎక్కడో దిగువన చెట్టు కొమ్మకు చిక్కుకుని కనిపించింది.

నా భార్య తొకి ఆ కోటు ఉతికి ఆరేసి, మడిచి పెట్టెలో పెట్టింది. వాడొచ్చాక కావాలంది. మర్నాటి నుంచి వాడికి అన్నం పెట్టించడం మొదలుపెట్టింది.

ఇంటి మనిషి దూరాన ఉంటే, అక్కడ ఆకలితో ఉండకూడదని రోజూ పొద్దున అతని వంతు వడ్డించి అతని చోట పెట్టడం మావైపు ఉన్నదే. వేడి అన్నం గిన్నెలో పెట్టి మూత వేస్తారు. కాసేపాగి తీస్తారు. మూత లోపల చెమట పట్టి ఉంటే మనిషి క్షేమంగా ఉన్నట్టు. యుద్ధానికి వెళ్ళిన మా అన్నకి మా అమ్మ అలాగే పెట్టేది. అన్న పోయాడని కబురొచ్చిన పొద్దున కూడా మూతకి చెమట ఉంది. నేను చూశాను.

మా ఇంట్లో ఆ అన్నం వండేది, వడ్డించేది కోడలు చిహరు. మూత తీసి అత్తగారికి చూపించాల్సింది కూడా తనే. తొకి వంగి చూసి, "ఉన్నాడు" అనేది. అప్పుడు మేం తినేవాళ్ళం.

చిహరు కాపురానికి వచ్చిన ఏడాదికే వరద వచ్చింది. పిల్లల్లేరు. కొండ అవతలి నుంచి వాళ్ళమ్మ రెండుసార్లు వచ్చింది. చిన్న వయసు, ఇక పంపించండి అని చాప మీద తల ఆనించి అడిగింది. మొగుడు బతికుండగా పెళ్ళాం పుట్టింటికి ఎందుకు పోతుందని తొకి అడిగింది. వాళ్ళమ్మ నావైపు చూసింది. నేను పెరటివైపు చూస్తూ కూర్చున్నాను. నేను మాట్లాడే మనిషిని కాదని ఆవిడకి కూడా తెలుసు.

పండుగకి ఒక పద్ధతి ఉంది. రంగుల బాణసంచా లేచే ముందు, పోయినవాళ్ళ కోసం తెల్ల చామంతిపువ్వులా విచ్చుకునే గుండ్లు పేలుస్తారు. ఒక్కో గుండు లేచేముందు మైకులో ఒక పేరు పిలుస్తారు. పిలిచినప్పుడు ఆ ఇంటివాళ్ళు తమ చాప మీద లేచి నిలబడాలి. గట్టు మీదున్న జనమంతా వాళ్ళవైపు తిరిగి తల వంచుతారు. చప్పట్లు కొట్టరు. అలా పిలిచిన మనిషి ఇక పోయినట్టే. సర్కారు ఆఫీసులో ఏం రాసుకున్నా ఊరికి ఆ పిలుపే లెక్క. ఆ తర్వాత ఆ ఇంటి కోడల్ని ఎవరూ పట్టి ఉంచరు.

ఆరిళ్ళవాళ్ళూ పేర్లు ఇచ్చారని నెజు మా అరుగు మీద కూర్చుని చెప్పాడు. మీవాడిది కూడా, అని ఇంకా ఏదో అనబోయాడు. తొకి అతని ముందున్న టీ కప్పు తీసేసింది. అందులో ఇంకా సగం ఉంది. నెజు చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

పండుగనాడు పొద్దున్నే వెళ్ళి గట్టు మీద మా చోట చాప పరిచి, మూలల్లో రాళ్ళు పెట్టి వచ్చాను. సాయంత్రం చిహరు నీలం నూలు అంగీ వేసుకుని గదిలోంచి బయటికి వచ్చింది. రికియా కొనిపెట్టిన అంగీ అది. తొకి పైనుంచి కిందిదాకా చూసింది.

"మొగుడు ఊళ్ళో లేనప్పుడు ఈ ముస్తాబు ఎవరికి చూపించడానికమ్మా?"

"ఆయనకే అత్తయ్యా."

తొకి వంగి ఆ పిల్ల నడికట్టు తనే సరిచేసింది.

గట్టంతా చాపలే. దోమల పొగ. ఉప్పు వేసి ఉడికించిన పచ్చి సోయా కాయలు, అన్నం ముద్దలు తెచ్చుకున్నాం. మా వెనక చాప మీద పీపాలు చేసే ఇసొబె అప్పటికే తాగి ఉన్నాడు. ఇన్నాళ్ళు కొట్లో పడున్న బాణసంచా మందు ఇప్పుడు లేస్తుందో, తుస్సుమంటుందో అంటున్నాడు. "పొద్దున నిన్ను లేపడానికి నీళ్ళు కొట్టాల్సొచ్చింది, నువ్వా దాన్ని అనేది?" అంది వాళ్ళావిడ. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. తొకి కూడా నవ్వింది. తొకి నవ్వు విని చాలా కాలమైంది.

చీకటి పడ్డాక పేర్లు మొదలయ్యాయి. ఒక్కో పేరుకి ఒక్కో చాప మీద మనుషులు లేచి నిలబడ్డారు. మేం అందరితో పాటు తల వంచాం. ఆరో చామంతి విచ్చుకుని, వేలాడి, ఏటి మీదికి దిగి ఆరిపోయింది. ఇక రంగులే కదా అని తొకి సోయా కాయల గిన్నె దగ్గరికి లాక్కుంది.

"ఏడవది, రికియా. పంపినవారు, భార్య చిహరు."

చిహరు లేచి నిలబడింది.

నేను మోకాలి మీద లేవబోయాను. తొకి నా చొక్కా చేతిని పట్టుకుంది. "కూర్చోండి" అంది. గొంతు పెంచలేదు. కూర్చున్నాను.

ఆ పిల్ల ఒక్కతే నిలబడింది. గట్టు మీది జనమంతా మావైపు తిరిగారు. ఇసొబె తలకి చుట్టుకున్న తువాలు తీసేశాడు. తలలు వంగాయి. గుండు ఈల వేసుకుంటూ పైకి వెళ్ళింది. తెల్లగా విచ్చుకుంది. ఆ వెలుగులో చిహరు మొహం చూశాను. ఏడవడం లేదు. చివరి రవ్వ నీళ్ళలో పడేదాకా చూసి, అప్పుడు కూర్చుని, అత్తగారి ముందు చాపకి నుదురు ఆనించింది.

"పెళ్ళినాటి పట్టు నడికట్టు అమ్మి గుండు చేయించాను అత్తయ్యా. చెబితే మీరు ఒప్పుకోరు. రోజూ ఆ మూత తీయడం ఇక నావల్ల కాదు."

"తీయడం నీవల్ల కాదు. చంపడం మాత్రం అయింది."

పైన రంగులు మొదలయ్యాయి. జనం చప్పట్లు కొడుతున్నారు.

"మైకులో అరిస్తే పోతాడా నా కొడుకు?" అంది తొకి. "పొద్దున మూత తీసి చూద్దాం. చెమట ఉందో, నువ్వు గడప దాటవు. ఆ నెజుని కూడా పిలిచి చూపిస్తా."

"చెమట ఎప్పుడూ ఉంటుంది అత్తయ్యా. వేడన్నం కదా."

మా ఇంట్లో ఎవరూ అనని మాట అది. తొకి మొహం పైన లేచే రంగులకి ఎర్రగా, తర్వాత పచ్చగా వెలిగింది.

"చెమట లేకపోతే వెళ్ళు. నేనే మూట కట్టి పంపిస్తా" అంది.

వెనక ఇసొబె దంపతులు ఆకాశంలోకే చూస్తున్నారు. మధ్యలో లేచి వెళితే ఊరంతా చూస్తుంది. అందుకని ఆఖరి గుండు దాకా కూర్చున్నాం. సోయా కాయలు ఒలుచుకుని తిన్నాం. అన్నం ముద్దలు ఎవరూ ముట్టలేదు. తొకి వాటిని మళ్ళీ మూటగట్టి, చాప చుట్టి చంకన పెట్టుకుని ముందు నడిచింది. మేమిద్దరం వెనక నడిచాం.

పండుగ మర్నాడు ఇంటికొకరు గట్టు మీదికి వెళ్ళి, రాలిపడిన గుండ్ల అట్టముక్కలు, కాగితాలు ఏరాలి. మా ఇంటి నుంచి ఎప్పుడూ నేనే వెళతాను. ఆ రోజు ఇంకాస్త ముందే లేచాను. చిహరు అప్పటికే అన్నం దించింది. పెరట్లో వంకాయలు కోసుకురమ్మన్నాను. ఆ పిల్ల నన్ను ఒక చూపు చూసి, బుట్ట తీసుకుని వెళ్ళింది.

రికియా గిన్నె దించి అన్నం పెట్టాను. మూత వేశాను. పక్కగదిలో తొకి పరుపు మడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. మూత తీశాను. లోపల ఎర్ర లక్క పూత మీద చెమట బొట్లు బొట్లుగా నిలిచి ఉంది. మెడలో తువాలుతో తుడిచి మళ్ళీ వేశాను. తీశాను. మళ్ళీ పట్టింది. మళ్ళీ తుడిచాను. మళ్ళీ పట్టింది.

ఆ అన్నం కుండలోకి దులిపేశాను. గిన్నె చన్నీళ్ళతో కడిగి తుడిచాను. రాత్రి మిగిలిన అన్నం ముద్దలు మూట విప్పి, రెండు చిదిపి అందులో పెట్టాను. పైన గుండ్రంగా సర్దాను. మూత తళతళలాడేదాకా తుడిచి వేశాను. వాడి చోట పెట్టి, వచ్చి చూసుకోమని తొకిని పిలిచాను.

వచ్చి కూర్చుంది. మూత తనే తీసింది. వెలుతురు వైపు తిప్పింది. బోటనవేలితో లోపల ఒకసారి రాసి, ఆ వేలు చూసుకుంది. గిన్నె ముట్టుకుంటే చల్లగా తగిలి ఉండేది. ముట్టుకోలేదు.

చిహరు వంకాయల బుట్టతో గుమ్మంలో నిలబడి ఉంది. నేను గోనెసంచి భుజాన వేసుకుని, ఆ పిల్లని దాటి, కాగితం ముక్కలు ఏరడానికి గట్టు మీదికి వెళ్ళాను.