ఇరవై జేబుల దుప్పటి

మా మామయ్యగారు కుక్కని "అబ్బాయి" అని పిలుస్తారు, కొడుకుని "ఒరేయ్" అంటారు. మా ఇంట్లో ఎవరి స్థానం ఏమిటో అందులోనే తెలిసిపోతుంది. ముప్పై ఏళ్లు బస్సు నడిపి, ఒక్క కోడిని కూడా గుద్దకుండా రిటైరైన మనిషి ఆయన. ఆ తర్వాత మిగిలిన డ్యూటీ అల్లా పొద్దునో గంట, సాయంత్రమో గంట ఆ కుక్కని తిప్పుకు రావడం.

ఒక సాయంత్రం దాన్ని రెండు చేతులా ఎత్తుకుని ఇంటికొచ్చారు. మెడకి కట్టిన పట్టీ తెగి రోడ్డు మీదికి పరిగెత్తిందనీ, వ్యాను తగిలిందనీ చెప్పారు. వెనక కాలు విరిగింది. డాక్టరమ్మ ఎముకకి ప్లేటు వేసి, ఎనిమిది వారాలు నడక లేదు, పరుగు లేదు, గెంతడం అసలే లేదంది. ప్లేటు కదిలితే మళ్లీ వెయ్యడం కుదరదట, ఇక జన్మంతా మూడు కాళ్లేనట.

ఈ మాట కుక్కకి ఎవరు చెప్పాలి? పొద్దున ఆరయ్యేసరికి తలుపు దగ్గర కూర్చుని రాగం అందుకునేది. సాయంత్రం ఐదింటికి రెండో కచేరీ. మధ్యలో ఊసుపోక నా కొలతల టేపుని నలభై అంగుళాల దాకా నమిలేసింది. నేను కుట్టుమిషను పెట్టుకున్న ముందుగదిలోనే దాని పరుపు కాబట్టి ఈ వైభవమంతా నా నెత్తినే. మామయ్యగారు ఆ గది ఛాయలకి రావడమే మానేశారు.

నాలుగో రోజు భోజనాల దగ్గర ఆయన తేల్చేశారు. ఊరి చివర పెద్ద పెరడున్న తన పాత కండక్టరుకి ఇచ్చేస్తారట. వచ్చే ఆదివారం వచ్చి తీసుకెళ్తాడట. నడక లేక అది అలా కుమిలిపోతుంటే తను చూడలేరట. పరిగెత్తకూడని కాలికి పెద్ద పెరడెందుకని అడగబోయి మాట మింగేశాను. మా ఆయన నావైపోసారి, వాళ్ల నాన్నవైపోసారి చూసి, పళ్లెం తీసుకుని మెల్లిగా జారుకున్నారు.

నిజం చెప్పొద్దూ, ఆ కుక్కంటే నాకు మొదట్నించీ పెద్ద ప్రేమేం లేదు. కానీ కట్టుతో పడున్న జీవాన్ని ఇల్లు మార్చడమేమిటని ఒళ్లు మండింది. నాకు ఒళ్లు మండితే పని జరుగుతుంది.

"ఆదివారం దాకా ఆగండి. నడక లేకుండానే దాన్ని కుదురుగా ఉంచితే?" అన్నాను.

"ఉంచి చూడు" అన్నారు మామయ్యగారు, నమ్మకమేం లేకుండానే.

మొదటిరోజు బంతి దొర్లించాను. అది లేచి గెంతబోతే రెండు చేతులా అదిమి పట్టుకున్నాను. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే ముందు చీవాట్లు పెట్టింది, తర్వాత మంచి మాట చెప్పింది. కాళ్లకి సెలవిచ్చినప్పుడు ముక్కుకి పని చెప్పాలట. వాసన పట్టి వెతకడంలోనూ కుక్క బాగానే అలసిపోతుందట.

పని చెప్పడం నాకు కొత్త కాదు. మూలన పడున్న పాత ప్యాంట్ల జేబులు విప్పి, ఒక దుప్పటి మీద ఇరవై కుట్టాను. కొన్నిటికి గుండీ, కొన్నిటికి జిప్పు, కొన్నిటికి ఉత్త మూత. ఉడికించిన కోడిమాంసం చిన్న చిన్న ముక్కలు చేసి ఐదు జేబుల్లో దాచి, దుప్పటి దాని ముందు పరిచాను. అది దుప్పటిని చూడలేదు, నా మొహం చూసింది. ఇదేం చోద్యమన్నట్టు. తర్వాత ముక్కు కదిలింది. పడుకున్న చోటే పడుకుని మెడ సాచి, ఒక్కో జేబూ పరీక్ష చేసి, పావుగంటలో ఐదూ పట్టేసింది. ఆపైన రెండు గంటలు ఒళ్లెరగని నిద్ర.

రోజూ జేబులు మార్చేదాన్ని. మధ్యాహ్నం తువ్వాలు చుట్టలో ముక్కలు పెట్టి విప్పించేదాన్ని. నా అరచేతిలో గడ్డం ఆనించి పది లెక్కపెట్టేదాకా కదలకుండా ఉండడం నేర్పాను. నాలుగు రోజుల్లో పళ్లతో జిప్పు లాగడం వచ్చింది. అప్పటిదాకా "అది" అన్నదాన్ని ఎప్పట్నించి "వాడు" అంటున్నానో నాకే తెలీదు. పొద్దున పాట కూడా ఆగిపోయింది.

చిక్కల్లా ఒకటే. జేబంటే తిండి అని నేర్పాను గానీ, ఎవరి జేబో నేర్పలేదు. శుక్రవారం మా వీధి వకీలుగారు నేను కుట్టిన కొత్త కోటు సరిచూసుకోవడానికొచ్చి, చేతిలో ఉన్న బిస్కెట్టు జేబులో వేసుకుని వాడి పక్కనే పీట మీద కూర్చున్నారు. పరుపు మీద పడుకున్న చోటి నుంచే మావాడు మెడ సాచి, ఆ జేబులోకి మూతిని కళ్లదాకా దూర్చాడు. వకీలుగారు ముద్దాయిలా రెండు చేతులూ పైకెత్తేశారు. జేబు అంచు చిరిగింది. నేను క్షమించమంటూ కుడుతుంటే లోపలి గదిలోంచి మామయ్యగారి నవ్వు వినిపించింది. వాడికి వ్యాను తగిలాక ఆయన నవ్వడం అదే మొదలు. ఇక పంపరులే అనుకున్నాను.

ఆదివారం కండక్టరు రానే వచ్చాడు. దుప్పటి ముందు వాడి పనితనం చూసి, ఇంత బుద్ధిమంతుణ్ణి మీ మామగారు ఎందుకు ఇచ్చేస్తున్నారని నన్నే అడిగాడు. సమాధానం కోసం లోపలికి వెళ్లాను.

"కుదురుగానే ఉన్నాడు కదా మామయ్యా. ఇంకెందుకు పంపడం?"

ఆయన కిటికీ వైపు తిరిగారు.

"పట్టీ తెగలేదమ్మా" అన్నారు. "నేనే విప్పాను. నలుగురి ముందూ గొప్పకి పోయి, వదిలేసినా నా పక్కనే నడుస్తాడు చూడండి అన్నాను. ఏ మొహం పెట్టుకుని వాడి ముందుకెళ్లను?"

"తెలుసు మామయ్యా. ఆ పట్టీ కుట్టింది నేనే. మొన్న మీ పరుపు దులుపుతుంటే కింద దొరికింది. ఒక్క కుట్టూ ఊడలేదు."

"మరి అడగలేదే?"

"మీరే చెప్తారని ఆగాను. వాడు ఇప్పుడు నడక అడగట్లేదు, నిజమే. కానీ ఆరింటికి మీ గదివైపు చూడ్డం మానలేదు."

ఆయన కళ్లు తుడుచుకున్నారు. కాసేపటికి లేచి, కండక్టరుని దాటుకుని వచ్చి వాడి పక్కన నేలమీద కూలబడ్డారు. వాడు తోకతో నేలని బాదుతుంటే, ముక్కల గిన్నె ఇటివ్వమన్నారు. మొదటి జేబులో పెట్టారు, రెండో దాంట్లో పెట్టారు, మూడో దాంట్లో పెట్టారు. ఇరవై జేబులూ నింపేస్తుంటే నేను ఉండబట్టలేకపోయాను.

"అన్నిట్లో పెట్టేస్తే వాడు వెతికేదేముంది మామయ్యా?"

"ఈ ఒక్కరోజూ వెతక్కుండానే దొరకనీ అమ్మా" అన్నారు.