సంఘ పెద్ద

రంగుల షెడ్డులో ఆవిరి గొట్టం పగలగానే ఆడవాళ్లంతా వెనక తలుపుకేసి పరుగెత్తారు. తలుపుకు బయటినుంచి తాళం. గుడ్డలు దొంగతనంగా బయటికి పోతాయని యజమాని వేయించిన తాళం అది. వెనక్కి తిరిగి ముందు తలుపు దాకా పోగలిగినవాళ్లు బతికారు. అందరూ పెద్దక్క అని పిలిచే ఆమె చెల్లెలు పోలేకపోయింది. తాళం మాత్రం చెక్కుచెదరలేదు.

పెద్దక్కదీ ఆ షెడ్డులోనే గుడ్డలు పిండే పని. వెనక వీధి చర్చిలో సంఘ పెద్ద కూడా. పెద్ద అన్న మాటే గాని నోట్లో నాలుక లేని మనిషి. చర్చి ఊడ్చి, బల్లలు తుడిచి, ఎవరేమన్నా సరేనంటుంది. ఈ సంఘం అనే మాట ఉందే, చర్చిలో పలికితే భక్తి, షెడ్డులో పలికితే నేరం. అక్కడ పలికినవాళ్లకు మర్నాడు పని ఉండదు.

సమాధి దగ్గరికి యజమాని పూలదండతో వచ్చాడు. చర్చికి కొత్త పైకప్పు వేయిస్తానని అందరూ వినేలా చెప్పాడు. ప్రభువు ఆమెను పిలుచుకున్నాడనే మాట కోసం జనం తలలు వంచుకుని నిలబడ్డారు.

"ప్రభువు పిలిచాడని నేననలేను," అన్నాడు పాస్టరు. "పిలిచేవాడు తలుపు తీస్తాడు. తాళం వెయ్యడు."

యజమాని దండ అక్కడే పడేసి వెళ్లిపోయాడు. పెద్దక్కకు ఏడుపు కన్నా ముందు భయమొచ్చింది.

ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరూ లేవలేదు.

"తాళం తీసేదాకా పనిలోకి పోవద్దు," అంది రంగు కలిపే ఆమె.

"చర్చిలో ఈ గొడవలేంటమ్మా? దేవుడి మీద భారం వేద్దాం," అన్నాడు బాయిలరు తాత.

"ఇంకెంత వేస్తాం తాతా? ఆయన వీపు ఏమైపోవాలి?" అందామె.

జనం నవ్వారు. పాస్టరు నవ్వలేదు. "ఆయన్నీ పెద్దలే చంపించారు తాతా. ఆయన మనవైపు మనిషి."

పెద్దక్కను అడిగితే, "ఉన్న పనీ పోతుందేమో," అని నీళ్లు నమిలింది.

మర్నాడు గేటు ముందు అందరూ నిలబడ్డారు. అందరికన్నా వెనక పెద్దక్క. పాస్టరు ప్రార్థన మొదలుపెట్టాడో లేదో జీపు వచ్చింది. ఎస్సై పాస్టరు కాలరు పట్టుకున్నాడు.

"ఇక్కడ సంఘం పెద్ద ఎవరు?"

అలవాటు కొద్దీ పెద్దక్క ముందుకొచ్చింది. "నేనేనండి."

"నువ్వా? ఎప్పట్నుంచి?"

"చాన్నాళ్లయిందండీ."

"మీ యజమానికి తెలుసా?"

"తెలుసండీ. మొన్ననే పైకప్పు వేయిస్తానన్నారు."

ఎస్సై గేటు లోపల నిలబడ్డ యజమాని వంక అనుమానంగా చూశాడు. యజమాని మొహం కందగడ్డయింది. "అది చర్చి సంఘమండీ. ఈవిడకేం తెలీదు."

"అడిగింది కూలీల సంఘం గురించమ్మా," అన్నాడు ఎస్సై. "పొరపాటున అన్నావు. వెనక్కి పో."

పెద్దక్క తిరిగి చూసింది. షెడ్డు వెనక తలుపు అక్కణ్ణుంచి కనిపిస్తోంది. తాళం అలాగే ఉంది.

"పొరపాటేం లేదండీ," అంది. "అందులో ఉన్నదీ మేమే, ఇందులో ఉన్నదీ మేమే. రెంటికీ పెద్దని నేనే."

పాస్టరుతో పాటు ఆమెనూ జీపెక్కించారు.

"నేనూ సంఘంలోనే ఉన్నా బాబూ," అంటూ బాయిలరు తాత బొగ్గులు కుళ్లగించే ఇనప కమ్మీ చేతికి తీసుకుని వెనక తలుపుకేసి నడిచాడు. జనమంతా ఆయన వెంట కదిలారు.

జీపు మలుపు తిరుగుతుండగా తాళం మీద ఇనుము పడ్డ చప్పుడు పెద్దక్కకు వినిపించింది. చెల్లెలు పోయాక ఆమె మొదటిసారి ఏడ్చింది అప్పుడే.